మోడల్ రైలింజనులలో సౌండ్ డికోడర్ ఎంపిక

సౌండ్ డికోడర్ అనునది మోడల్ రైలింజను లోపల అమర్చబడు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక. ఇది పట్టాల ద్వారా వచ్చు డిజిటల్ ఆదేశములను చదివి ఇంజను మోటారును, దీపములను నడుపుతుంది. దానితో పాటు ఆ ఇంజనుకు తగిన కూతను, గంటను, ఆవిరి లేక డీజిలు యంత్రపు చప్పుడును ఒక చిన్న స్పీకరు ద్వారా వినిపిస్తుంది. అమెరికాలోను, ఐరోపాలోను మోడల్ రైళ్ళను అభిరుచిగా చేపట్టినవారు డి.సి.సి. (డిజిటల్ కమాండ్ కంట్రోల్) విధానముతో కలిపి దీనిని విరివిగా వాడుతున్నారు.

ధ్వని లేని సాధారణ డికోడర్ కన్నా సౌండ్ డికోడర్ ధర సుమారు మూడు రెట్లు ఉంటుంది. అమెరికాలో ఒక్కొక్కటి ఇంచుమించు 100 డాలర్లు లేదా అంతకు మించి పలుకుతుంది. తగని డికోడరును ఎంచుకొన్నా, సరిగా అమర్చకపోయినా అది క్షణములో కాలిపోవచ్చును. అందువలన ఎంపికకు ముందే ఇంజనును పరీక్షించి, కొలతలు తీసుకొనుట అవసరము. ఈ ఎంపికలో తయారీ సంస్థ పేరు కన్నా నాలుగు విషయములు ముఖ్యమైనవి. అవి: ఇంజను మోటారు తీసుకొను కరెంటు, ఇంజను లోపలి జాగా, అసలు ఇంజను ధ్వనితో పోలిక, స్పీకరు.

== చరిత్ర ==

మోడల్ రైళ్ళకు ధ్వనిని జోడించవలెనను కోరిక పాతదే. అమెరికాలోని లయొనెల్ సంస్థ 1935లోనే కూత వేయు టెండరును అమ్మకానికి తెచ్చినది. అందులో ఒక చిన్న మోటారు గాలిని ఊది కూతను పుట్టించేది. 1970వ దశకములో ఇత్తడి ఇంజనులను దిగుమతి చేసుకొను పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ అను అమెరికా సంస్థ మరొక పద్ధతిని ప్రచారములోకి తెచ్చినది. ఆ పద్ధతిలో ధ్వనిని బయట ఉన్న పెట్టెలో తయారుచేసి, పట్టాల ద్వారా ఇంజనులోని స్పీకరుకు పంపేవారు.

జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన డిజిటల్ నియంత్రణ పద్ధతిని ఆధారముగా తీసుకొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ (ఎన్.ఎమ్.ఆర్.ఎ.) 1990వ దశకములో డి.సి.సి. ప్రమాణములను నిర్ణయించినది. ఎన్.ఎమ్.ఆర్.ఎ. 1935లో స్థాపించబడినది. ఈ ప్రమాణముల వలన ఒక సంస్థ నియంత్రణ పెట్టెతో మరొక సంస్థ డికోడరును నడుపుట సాధ్యమైనది. అదే దశకములో కొలరాడో రాష్ట్రములోని డురాంగో పట్టణమునకు చెందిన సౌండ్‌ట్రాక్స్, జర్మనీకి చెందిన ఇ.ఎస్.యు. సంస్థలు మోటారు నియంత్రణను, ధ్వనిని ఒకే పలకలో ఇమిడ్చిన డికోడర్లను విడుదల చేసినవి. 2000వ దశకపు ఆరంభము నుండి బ్రాడ్‌వే లిమిటెడ్ ఇంపోర్ట్స్ వంటి సంస్థలు కర్మాగారములోనే సౌండ్ డికోడర్ అమర్చిన ఇంజనులను అమ్మసాగినవి.

== పనిచేయు విధానము ==

డి.సి.సి. విధానములో పట్టాలపై ఎల్లప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. హెచ్.ఓ. స్కేలులో (1:87) ఇది సాధారణముగా 14 నుండి 15 వోల్టులు. ఈ వోల్టేజి నిరంతరము దిశ మారుతూ ఉంటుంది. ఆ మార్పుల కాలవ్యవధిలోనే ఆదేశము దాగి ఉంటుంది. ఒక్కొక్క అర్ధభాగము 58 మైక్రోసెకండ్లు ఉన్నచో అది "1" అనియు, 100 మైక్రోసెకండ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నచో "0" అనియు డికోడర్ గ్రహిస్తుంది.

ప్రతి ఇంజనుకు ఒక సంఖ్య ఉంటుంది. దీనిని చిరునామా అంటారు. కొత్త డికోడర్ చిరునామా సాధారణముగా 3. తన చిరునామాతో వచ్చిన ఆదేశమును మాత్రమే డికోడర్ పాటిస్తుంది. సౌండ్ డికోడరులోని ముఖ్య భాగములు ఇవి:

* పట్టాల విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చు రెక్టిఫయరు
* ఆదేశములను చదువు మైక్రోకంట్రోలరు
* మోటారుకు విద్యుత్తును చిన్న చిన్న విడతలుగా పంపి వేగమును మార్చు భాగము
* రికార్డు చేసిన ధ్వనులను దాచు మెమరీ
* ధ్వనిని పెంచి స్పీకరుకు పంపు ఆంప్లిఫయరు

విద్యుత్ విడతల మధ్య విరామములో మోటారు తానే ఒక చిన్న వోల్టేజిని పుట్టిస్తుంది. దానిని కొలిచి డికోడర్ ఇంజను నిజవేగమును తెలుసుకొంటుంది. బరువైన రైలుతో ఎత్తు ఎక్కుచున్నప్పుడు చప్పుడు గంభీరముగా, దిగుచున్నప్పుడు మెల్లగా వినిపించుటకు ఈ కొలతయే ఆధారము.

డికోడరులోని అమరికలను సి.వి.లు అను సంఖ్యల ద్వారా మార్చవచ్చును. ఉదాహరణకు సి.వి.1 చిరునామాను, సి.వి.3 వేగము పుంజుకొను తీరును, సి.వి.4 వేగము తగ్గు తీరును నిర్ణయిస్తాయి. సి.వి.8లో తయారీ సంస్థ సంఖ్య ఉంటుంది. దానిని చదివిన యెడల పాత ఇంజనులో ఏ సంస్థ డికోడర్ ఉన్నదో తెలుసుకొనవచ్చును. సౌండ్‌ట్రాక్స్ సంఖ్య 141, జిమో సంఖ్య 145, ఇ.ఎస్.యు. సంఖ్య 151, టి.సి.ఎస్. సంఖ్య 153.

== మోటారు కరెంటు ==

డికోడర్ ఎంపికలో మొదట తెలుసుకొనవలసినది స్టాల్ కరెంటు. చక్రములు తిరగకుండా పట్టి ఉంచినప్పుడు మోటారు తీసుకొను కరెంటును స్టాల్ కరెంటు అంటారు. మామూలుగా నడుచునప్పటి కరెంటు దీనిలో కొంత భాగమే. అయితే పళ్ళచక్రములలో ఏదైనా ఇరుక్కొని ఇంజను ఆగిపోయినపుడు మోటారు స్టాల్ కరెంటును తీసుకొంటుంది. డికోడర్ ఆ భారమును తట్టుకొనగలిగి ఉండవలెను.

దీనిని కొలుచుటకు ఇంజనును సాధారణ డి.సి. పట్టాలపై ఉంచి, ఆమ్మీటరును వరుసలో కలిపి, 12 వోల్టులు ఇచ్చి, చక్రములు ఆగునట్లు వేలితో ఒకటి రెండు సెకండ్లు మాత్రమే నొక్కి పట్టవలెను. ఎక్కువసేపు పట్టినచో మోటారు వేడెక్కి చెడిపోతుంది. ఆగి ఉన్న మోటారులో కరెంటు వోల్టేజికి అనుపాతములో ఉంటుంది. కనుక 12 వోల్టుల వద్ద 0.9 ఆంపియర్లు తీసుకొన్న మోటారు, 14 వోల్టుల వద్ద 1.05 ఆంపియర్లు తీసుకొంటుంది. అట్టి ఇంజనుకు 1 ఆంపియరు డికోడర్ చాలదు. 1.5 లేక 2 ఆంపియర్ల డికోడర్ తగినది.

ఇటీవలి హెచ్.ఓ. ఇంజనులలోని మోటార్లు చాలావరకు 1 ఆంపియరు లోపే తీసుకొంటాయి. పాతకాలపు ఇత్తడి ఇంజనులలోని పెద్ద మోటార్లు అంతకు మించి తీసుకొనవచ్చును. అట్టి చోట్ల మోటారునే మార్చుట మేలు. కొత్త మోటారు తక్కువ కరెంటు తీసుకొనును, చప్పుడు కూడా తక్కువ చేయును. మోటారు, పళ్ళచక్రముల గరగర ఎక్కువగా ఉన్న ఇంజనులో ఎంత మంచి డికోడర్ పెట్టినను ధ్వని స్పష్టముగా వినిపించదు.

స్కేలును బట్టి సాధారణముగా వాడు డికోడర్లు:

* ఎన్ స్కేలు (1:160): 1 ఆంపియరు లోపు, అతిచిన్న పరిమాణము
* హెచ్.ఓ. స్కేలు (1:87): 1 నుండి 2 ఆంపియర్లు
* ఓ స్కేలు (అమెరికాలో 1:48), 45 మి.మీ. పట్టాలపై నడచు తోట రైళ్ళు: 3 ఆంపియర్లు లేదా అంతకు మించి

== అసలు ఇంజను ధ్వనితో పోలిక ==

సౌండ్ డికోడర్ కొనువారు ముందుగా తమ నమూనాకు మూలమైన అసలు ఇంజనును గూర్చి తెలుసుకొనవలెను. ఇంజను పైరూపము ఎంత కచ్చితముగా ఉన్నను, లోపలి నుండి వేరొక యంత్రపు చప్పుడు వచ్చినచో తెలిసినవారు వెంటనే పట్టివేస్తారు.

=== ఆవిరి ఇంజనులు ===

రెండు సిలిండర్ల ఆవిరి ఇంజనులో, ప్రతి సిలిండరులోను పిస్టనుకు రెండు వైపుల నుండి ఆవిరి పనిచేస్తుంది. కావున చోదక చక్రము ఒకసారి తిరుగునప్పటికి పొగగొట్టము నుండి 4 సార్లు చప్పుడు వస్తుంది. మూడు సిలిండర్ల ఇంజనులో ఇది 6 సార్లు. యూనియన్ పసిఫిక్ వారి బిగ్ బాయ్ వంటి ఇంజనులలో రెండు జతల చోదక చక్రముల యంత్రములు వేర్వేరుగా పనిచేస్తాయి. వాటి చప్పుళ్ళు ఒకసారి కలిసి, మరొకసారి విడివడి వినిపిస్తాయి. షే వంటి గేరు ఇంజనులలో నడక నెమ్మదిగా ఉన్నను చప్పుడు మాత్రము చాలా వేగముగా ఉంటుంది.

చక్రముతో చప్పుడును కలుపుటకు రెండు మార్గములు కలవు. మోటారు వేగమును బట్టి డికోడర్ అంచనా వేయుట మొదటిది. ఇరుసుపై అయస్కాంతమును గాని, చిన్న స్పర్శ మీటను గాని అమర్చుట రెండవది. మొదటి దానిలో తీగల పని తక్కువ. రెండవ దానిలో అన్ని వేగముల వద్ద లెక్క తప్పదు. మొదటి మార్గమును ఎంచుకొన్నవారు చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి 4 చప్పుళ్ళు వచ్చునట్లు సి.వి.లను సరిచేసుకొనవలెను.

=== డీజిలు ఇంజనులు ===

డీజిలు ఇంజనులలో చప్పుడు లోపలి యంత్రపు రకమును బట్టి ఉంటుంది. అమెరికాలోని ఇ.ఎమ్.డి. సంస్థ 567, 645, 710 శ్రేణుల యంత్రములు రెండు స్ట్రోకులవి. ఆల్కో సంస్థ 244, 251 శ్రేణుల యంత్రములు, జనరల్ ఎలక్ట్రిక్ వారి ఎఫ్.డి.ఎల్. యంత్రము నాలుగు స్ట్రోకులవి. టర్బోచార్జరు ఉన్న యంత్రములో సన్నని ఈల వంటి ధ్వని కూడా కలిసి ఉంటుంది. ఒకే శ్రేణిలో సైతము తేడాలు కలవు. ఇ.ఎమ్.డి. జి.పి.38-2 ఇంజనులోని 645 యంత్రమునకు టర్బో లేదు, ఎస్.డి.40-2 ఇంజనులోని 645 యంత్రమునకు ఉన్నది.

హారను విషయములో కాలమును గమనించవలెను. కె5ఎల్ఎ అను ఐదు గొట్టముల హారను 1970వ దశకములో వచ్చినది. 1950ల నాటి దృశ్యమును చూపు మోడల్ రైలు మార్గములో దానిని వినిపించుట కాలవిరుద్ధము.

=== భారతీయ ఇంజనులు ===

భారతీయ రైల్వేల నమూనాలు చేయువారికి ఈ అమెరికా ధ్వనులే కొంతవరకు ఉపయోగపడతాయి. డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజనులో ఉన్నది 16 సిలిండర్ల ఆల్కో 251 యంత్రము. ఈ ఇంజనులు 1962 నుండి భారతదేశమునకు రాగా, తరువాత వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ (2020 నుండి బనారస్ లోకోమోటివ్ వర్క్స్) వాటిని పెద్ద సంఖ్యలో తయారుచేసినది. కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్ల ఇంజనుల చప్పుడు విని పెరిగిన తెలుగువారికి ఈ ఆల్కో ధ్వని సుపరిచితము. మీటరు గేజి మీద నడచిన వై.డి.ఎం.-4 కూడా 251 కుటుంబమునకే చెందినదైనను దానిలో ఉన్నవి 6 సిలిండర్లే. కావున 16 సిలిండర్ల రికార్డు దానికి సరిపడదు. డబ్ల్యు.డి.జి.-4, డబ్ల్యు.డి.పి.-4 ఇంజనులకు ఇ.ఎమ్.డి. 710 ధ్వని తగినది. హారను మాత్రము అమెరికా హారనులకు భిన్నమైనది. కనుక సొంత రికార్డింగులను ఎక్కించుటకు వీలున్న డికోడర్ ఇట్టి వారికి అనుకూలము.

== స్థిర మెమరీ, మార్చదగిన మెమరీ ==

ధ్వనులను దాచు తీరును బట్టి డికోడర్లు రెండు రకములు.

స్థిర మెమరీ గల వాటిలో తయారీ సంస్థ ఎక్కించిన ధ్వనులే ఉంటాయి. సౌండ్‌ట్రాక్స్ వారి సునామి2 ఈ రకమునకు చెందినది. ఆవిరి, ఇ.ఎమ్.డి., జి.ఇ., ఆల్కో వంటి పేర్లతో ఇది విడివిడిగా లభిస్తుంది. ఒక్కొక్క దానిలో పలు యంత్రముల, హారనుల, గంటల ధ్వనులు ఉంటాయి. సి.వి.ల ద్వారా కావలసిన దానిని ఎన్నుకొనవచ్చును. వేరే పరికరము అవసరము లేదు.

మార్చదగిన మెమరీ గల వాటిలో ధ్వనులను తొలగించి కొత్తవి ఎక్కించవచ్చును. ఇ.ఎస్.యు. వారి లోక్‌సౌండ్, ఆస్ట్రియా దేశపు జిమో సంస్థ డికోడర్లు ఈ రకమునకు చెందినవి. ఇందుకు కంప్యూటరు, ఆయా సంస్థ తయారుచేసిన ప్రోగ్రామింగు పెట్టె కావలెను. ఒకే ఇంజను కొరకు ఆ పెట్టెను కొనుట ఖర్చుతో కూడిన పని. పది ఇంజనులు ఉన్నవారికి, లేదా క్లబ్బులో పలువురు కలిసి వాడుకొనువారికి అది లాభసాటి. చాలామంది అమ్మకందారులు కోరిన ధ్వనిని ఎక్కించి ఇస్తారు.

మెమరీ పరిమాణము నాణ్యతను ప్రభావితము చేస్తుంది. లోక్‌సౌండ్ 5లో 128 మెగాబిట్ల మెమరీ కలదు. ఇది 16 బిట్ల, 31.25 కిలోహెర్ట్జుల ధ్వనిని వినిపిస్తుంది. ఆ లెక్కన సెకనుకు 5 లక్షల బిట్లు ఖర్చగును. అనగా మొత్తము మెమరీలో సుమారు నాలుగున్నర నిమిషముల రికార్డింగు పడుతుంది. యంత్రపు ప్రతి వేగమునకు వేర్వేరు రికార్డింగులు, కూతలు, గంటలు, బ్రేకుల కీచు ఇవన్నీ ఆ వ్యవధిలోనే ఇమడవలెను.

== జాగా, కనెక్టర్లు ==

హెచ్.ఓ. స్కేలుకు చెందిన సౌండ్ డికోడర్ సుమారు 30 మి.మీ. పొడవు, 15 మి.మీ. వెడల్పు ఉంటుంది. దీనికి స్పీకరు, దాని పెట్టె, కెపాసిటర్లు తోడవుతాయి. ఆవిరి ఇంజనులలో టెండరు ఇందుకు అనువైన చోటు. సన్నని డీజిలు ఇంజనులలో లోపలి లోహపు దిమ్మను కొంత కోయవలసి రావచ్చును. అట్లు కోసినచో బరువు తగ్గి లాగుడు శక్తి కూడా తగ్గును.

డికోడర్లను అమర్చు తీరు మూడు విధములు. మొదటిది తీగలను నేరుగా అతుకుట. రెండవది కనెక్టరులో గుచ్చుట. మూడవది ఇంజనులోని పాత పలకను తీసి, అదే ఆకారములో ఉన్న డికోడరును ఉంచుట. ముఖ్యమైన కనెక్టర్లు ఇవి:

* 8 సూదుల కనెక్టరు: చాలాకాలముగా వాడుకలో ఉన్నది. దీనిలో స్పీకరుకు సూదులు లేవు, కనుక స్పీకరు తీగలు విడిగా వస్తాయి.
* 21 సూదుల కనెక్టరు: ఎక్కువ దీపములు ఉన్న ఇంజనులకు అనువైనది. ఇందులో కొన్ని డికోడర్లు అదనపు దీపములను నేరుగా వెలిగిస్తాయి, కొన్ని సంకేతమును మాత్రమే ఇస్తాయి. ఇంజను పలకకు ఏ రకము కావలెనో చూచి కొనవలెను.
* ప్లక్స్22: ఐరోపా నమూనాలలో ఎక్కువ.
* నెక్స్ట్18: ఎన్ స్కేలు వంటి చిన్న ఇంజనులలో వాడుక.

తీగలతో అమర్చునప్పుడు రంగులకు ప్రమాణము ఉన్నది. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగులు మోటారుకు, తెలుపు ముందు దీపమునకు, పసుపు వెనుక దీపమునకు, నీలము దీపములన్నిటికీ ఉమ్మడి ధన ధ్రువమునకు చెందినవి.

== స్పీకరు ==

వినువారికి చేరు ధ్వని నాణ్యతలో డికోడర్ పాత్ర ఎంత ఉన్నదో స్పీకరు పాత్ర కూడా అంతే ఉన్నది. మంచి డికోడరుకు పనికిరాని స్పీకరును తగిలించుట ఈ అభిరుచిలో తరచుగా జరుగు పొరపాటు.

స్పీకరు పొర ముందుకు కదలినపుడు ముందు గాలి ఒత్తిడి పెరుగును, వెనుక గాలి ఒత్తిడి తగ్గును. ఈ రెండూ కలిసినచో, ముఖ్యముగా మంద్ర స్వరములలో, ఒకదానినొకటి రద్దు చేసికొంటాయి. అందువలన స్పీకరు వెనుక భాగమును గాలి చొరని చిన్న పెట్టెతో మూయవలెను. పెట్టె లేని స్పీకరు ధ్వని పలుచగా, డబ్బా మోతవలె ఉంటుంది. అంచులలో సన్నని సందు ఉన్నను నాణ్యత తగ్గును.

లోపల ఇమిడినంతలో పెద్ద స్పీకరును ఎంచుకొనుట నియమము. జాగా తక్కువైనచోట సెల్‌ఫోనులలో వాడు రకపు చిన్న దీర్ఘచతురస్రపు స్పీకర్లను వాడతారు. వీటికి "షుగర్ క్యూబ్" అని వాడుక పేరు. ఇవి సుమారు 11 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. పొడవు ఉంటాయి.

స్పీకరు నిరోధము డికోడరుకు సరిపడవలెను. రెండు 8 ఓముల స్పీకర్లను వరుసగా కలిపిన 16 ఓములు, సమాంతరముగా కలిపిన 4 ఓములు అవుతుంది. కనీసము 8 ఓములు కోరు డికోడరుకు 4 ఓములు తగిలించినచో ఆంప్లిఫయరు చెడిపోవచ్చును. లోక్‌సౌండ్ 3.5, అంతకు ముందరి డికోడర్లు 100 ఓముల స్పీకర్లకు తయారైనవి. పాత ఇంజనులో అట్టి డికోడర్ ఉన్నచో నేటి 8 ఓముల స్పీకరును దానికి కలుపరాదు.

కొత్త డికోడర్ల ధ్వని స్థాయి సాధారణముగా చాలా ఎక్కువగా అమర్చబడి వస్తుంది. దానిని సగమునకు తగ్గించినచో చిన్న స్పీకరు బొంగురుపోకుండా ఉంటుంది. గదిలో పలు ఇంజనులు ఒకేసారి నడుచుచున్నను చెవులకు ఇబ్బంది కలుగదు. మొత్తము స్థాయిని మార్చు సి.వి. సంస్థను బట్టి వేరు. సునామి2లో 128, లోక్‌సౌండులో 63, జిమోలో 266.

== నిల్వ విద్యుత్తు ==

పట్టాలపై దుమ్ము గాని, కాటా వద్ద విద్యుత్తు లేని చిన్న భాగము గాని తగిలినపుడు దీపము ఒకసారి మినుకుమనుట సహజము. అయితే సౌండ్ డికోడర్ అట్టి సమయములో మొత్తముగా ఆగి, యంత్రమును కొత్తగా స్టార్టు చేయు చప్పుడుతో మొదలగును. ఇది వినుటకు అసహజముగా ఉంటుంది. దీనిని నివారించుటకు నిల్వ కెపాసిటర్లను వాడతారు. టి.సి.ఎస్. వీటిని కీప్ అలైవ్ అని, సౌండ్‌ట్రాక్స్ కరెంట్ కీపర్ అని, ఇ.ఎస్.యు. పవర్‌ప్యాక్ అని పిలుస్తాయి.

2.7 వోల్టుల, 1 ఫారడు సూపర్ కెపాసిటర్లు ఐదింటిని వరుసగా కలిపినచో 13.5 వోల్టుల, 0.2 ఫారడుల నిల్వ ఏర్పడుతుంది. వోల్టేజి 13 నుండి 8కి పడులోపల దాని నుండి 1 కూలుంబు విద్యుదావేశము లభించును. ఇంజను 0.25 ఆంపియర్లు తీసుకొనుచున్నచో ఇది సుమారు 4 సెకండ్లకు సరిపోతుంది. మురికి చోటును దాటుటకు ఇది చాలును. ఈ పరికరములలో కొన్నింటికి రెండు తీగలు, కొన్నింటికి మూడు తీగలు ఉంటాయి. ఒక సంస్థ పరికరమును మరొక సంస్థ డికోడరుకు సూచనలు చూడకుండా కలుపరాదు. నిల్వ విద్యుత్తు ఉన్నను చక్రములను, పట్టాలను శుభ్రముగా ఉంచుట, వీలైనన్ని చక్రముల నుండి విద్యుత్తు తీసుకొనుట తప్పనిసరి.

== నియంత్రణ పెట్టెతో పొందిక ==

సౌండ్ డికోడరులో కూత, గంట, బ్రేకు, యంత్రమును స్టార్టు చేయుట, ఆపుట వంటి పనులకు వేర్వేరు ఫంక్షను మీటలు కావలెను. పాత నియంత్రణ పెట్టెలలో కొన్నింటికి ఎఫ్8 లేక ఎఫ్12 వరకే మీటలు ఉండేవి. ప్రమాణము తరువాత ఎఫ్28 వరకు, ఆపై ఎఫ్68 వరకు విస్తరించినది. మీటలు తక్కువ ఉన్నవారు ముఖ్యమైన ధ్వనులను తొలి మీటలకు మార్చుకొనుటకు వీలున్న డికోడరును ఎంచుకొనవలెను.

సి.వి.లను చదువునపుడు డికోడర్ తన సమాధానమును 6 మిల్లీసెకండ్ల పాటు కనీసము 60 మిల్లీఆంపియర్ల అదనపు కరెంటు తీసుకొనుట ద్వారా తెలుపుతుంది. పెద్ద కెపాసిటర్లు ఉన్న సౌండ్ డికోడర్ల విషయములో కొన్ని పాత పెట్టెలు ఈ సమాధానమును గుర్తించలేవు. అంతమాత్రమున డికోడర్ చెడిపోయినదని భావించరాదు. జె.ఎమ్.ఆర్.ఐ. అను ఉచిత సాఫ్టువేరులోని డికోడర్‌ప్రో ద్వారా సి.వి.లను సంఖ్యలు గుర్తుంచుకొను శ్రమ లేకుండా కంప్యూటరు తెరపై మార్చుకొనవచ్చును.

డి.సి.సి. పెట్టె లేనివారి కొరకు సౌండ్‌ట్రాక్స్ బ్లూనామి అను డికోడరును తయారుచేసినది. ఇది బ్లూటూత్ ద్వారా ఫోనుతో నడుస్తుంది.

== అమర్చునప్పుడు జాగ్రత్తలు ==

* మోటారు రెండు కొనలకును, పట్టాలకును, ఇంజను చట్రమునకును మధ్య ఎట్టి సంబంధము ఉండరాదు. పాత డి.సి. ఇంజనులలో మోటారు ఒక కొన చట్రమునకు కలిసి ఉండుట కద్దు. దీనిని మల్టీమీటరుతో పరీక్షించి, వేరుచేసిన తరువాతనే డికోడరును కలుపవలెను. డికోడర్లు కాలిపోవుటకు ఇది ముఖ్య కారణములలో ఒకటి.
* స్పీకరు తీగలలో ఏదియు చట్రమునకు తగులరాదు.
* ఎల్.ఇ.డి. దీపములకు విడిగా నిరోధకము వాడవలెను. సాధారణముగా 1000 ఓములు తగును. డికోడరులోనే నిరోధకములు ఉన్నచో ఇది అవసరము లేదు.
* డికోడరును టేపుతో పూర్తిగా చుట్టివేయరాదు. వేడి బయటకు పోవుటకు దారి ఉండవలెను.
* ఇంజను కప్పు మూయక ముందే ప్రోగ్రామింగు పట్టాపై ఉంచి చిరునామాను చదువవలెను. ఆ పట్టాపై కరెంటు పరిమితముగా ఉండుట వలన తీగలు తప్పుగా కలిపినను డికోడర్ కాలిపోవు ప్రమాదము తక్కువ.

== ఒక ఉదాహరణ ==

హెచ్.ఓ. స్కేలులో 20 ఏళ్ళ నాటి ఇ.ఎమ్.డి. జి.పి.9 నమూనాకు డికోడర్ కావలెననుకొందాము. అసలు జి.పి.9 ఉత్పత్తి 1954లో మొదలైనది. దానిలో 1750 అశ్వశక్తి గల 16 సిలిండర్ల 567సి యంత్రము ఉండేది. దీనికి టర్బోచార్జరు లేదు. కనుక 567 రికార్డింగు గల డికోడరును తీసుకొనవలెను. ఎస్.డి.40-2 ధ్వని అందులోని టర్బో ఈల వలన పనికిరాదు.

తరువాత ఇంజనును డి.సి. పట్టాలపై నడిపి చూడవలెను. నడకలో టిక్కుటిక్కుమను కుదుపు ఉన్నచో ఇరుసుపై ఉన్న ప్లాస్టిక్ పళ్ళచక్రము పగిలినదేమో చూడవలెను. పాత నమూనాలలో ఇది సాధారణము. దానిని మార్చక ముందు కొలిచిన కరెంటు నమ్మదగినది కాదు. మార్చిన పిదప 12 వోల్టుల వద్ద స్టాల్ కరెంటు 0.6 ఆంపియర్లు వచ్చినదనుకొన్నచో, 14 వోల్టుల వద్ద అది 0.7 అగును. 1 ఆంపియరు డికోడర్ చాలును.

జి.పి.9 వంటి ఇంజనులలో పొడవైన సన్నని హుడ్డు లోపల మోటారుకు పైన జాగా తక్కువ. కావున పాత పలక స్థానములో సరిపోవు డికోడర్, క్యాబు వైపున రెండు చిన్న స్పీకర్లు, మిగిలిన చోట నిల్వ కెపాసిటరు అమర్చుట ఒక మార్గము. ఆ రెండు స్పీకర్లను వరుసగా కలుపవలెనా, సమాంతరముగా కలుపవలెనా అనునది డికోడర్ సూచనల పత్రమును చూచి నిర్ణయించవలెను. చివరగా ధ్వని స్థాయిని సగమునకు తగ్గించి, ఇంజనును కొంత దూరము నుండి విని, హారను, గంట, యంత్రపు చప్పుడుల నిష్పత్తిని సరిచేసుకొనవలెను.

== పరిమితులు ==

అసలు ఇంజను చప్పుడులోని మంద్ర స్వరములను నేల అదురునట్లు పలికించుట వేలెడు స్పీకరుకు సాధ్యము కాదు. మంచి డికోడర్ చేయగలిగినది వినువారికి ఆ ఇంజనును గుర్తుకు తెచ్చుట మాత్రమే. కొందరు ఈ కారణముగా ఇంజనులో చిన్న స్పీకరుతో పాటు రైలు మార్గపు బల్ల కింద పెద్ద స్పీకర్లను అమర్చుకొంటారు. మరికొందరు ఇంజనులో సాధారణ డికోడరునే ఉంచి, దాని వెనుక పెట్టెలో ధ్వని మాత్రమే ఇచ్చు డికోడరును పెడతారు. ఎన్ స్కేలు వంటి చిన్న ఇంజనులకు ఈ రెండవ పద్ధతి అనువైనది.

== ఇవి కూడా చూడండి ==

* డిజిటల్ కమాండ్ కంట్రోల్
* మోడల్ రైల్వే స్కేళ్ళు
* ఆవిరి ఇంజను
* డీజిలు ఇంజను
* స్పీకరు